వాచీ వారంటీ రిపేరు: కార్డు సగమే, మిగతా సగం జాబ్ షీట్

ముందే తేల్చి చెప్పేస్తే: లోపలి మెషీన్ దానంతటది పాడైతే వారంటీ రిపేరు మంచి సేవే, 5కి 4 ఇవ్వొచ్చు. నీళ్లు లోపలికి పోయిన వాచీకి 5కి ఒకటిన్నర. గ్లాసు, స్ట్రాప్, సెల్, పూత వీటికి మార్కులు వేసే పనే లేదు, చాలా కంపెనీల కార్డుల్లో అవి లెక్కలోకే రావు. వారంటీ మొత్తం "తయారీలో గానీ వాడిన పదార్థంలో గానీ లోపం ఉంటే" అనే ఒక్క షరతు మీద నిలబడి ఉంటుంది. అరుగుదల, దెబ్బ, తడి, బయటివాళ్లు మూత తీయడం: ఈ నాలుగింటిలో దేని గుర్తు కనిపించినా సర్వీస్ సెంటర్ అటే మొగ్గుతుంది.

అన్ని అర్హతలూ ఉండి కూడా వాచీ బాగవకుండా తిరిగొస్తే మాత్రం తప్పు తరచుగా వేరేచోట దొరుకుతుంది. జాబ్ షీట్ (వాచీ అప్పజెప్పినప్పుడు సెంటర్ రాసే కాగితం) మీద ఫిర్యాదు అని రాసి ఉండే గడిలో.

కౌంటర్‌లో వాచీ తీసుకునే మనిషి, లోపల దాన్ని విప్పే మనిషి ఒకరు కారు. చాలాసార్లు ఇద్దరూ ఒకే భవనంలో కూడా ఉండరు. కౌంటర్ దగ్గర పది నిమిషాలు వెళ్లబోసుకున్న గోడంతా "టైమ్ తేడా" అనే రెండు మాటలై షీట్‌కి ఎక్కుతుంది. టెక్నీషియన్ ఆ రెండు మాటలు చదివి, వాచీని టైమింగ్ మెషీన్ (టిక్కు చప్పుడు విని వేగం కొలిచే పరికరం) మైకు మీద డయల్ పైకి ఉండేలా బిగించి, నిమిషమో రెండు నిమిషాలో చూస్తాడు. ఆ కాసేపూ అది బుద్ధిగా నడిస్తే "పరీక్షించాం, లోపం లేదు" అని రాసి కవర్‌లో పెట్టేస్తాడు. కొన్ని వారాల తర్వాత అదే లోపంతో వాచీ మీ చేతికొస్తుంది. అతను అబద్ధం ఆడలేదు. అడిగిన దానికి జవాబిచ్చాడు, అంతే.

కాబట్టి షీట్ మీద అంకెలు పడాలి. ఆటోమేటిక్ వాచీ (చేతి కదలికతో కీ ఎక్కేది) అయితే ముందు క్రౌన్‌ని (పక్కనుండే కీ బిళ్లని) మాన్యువల్‌లో చెప్పినన్ని చుట్లు, సాధారణంగా 30 నుంచి 40, ఎన్‌హెచ్35 లాంటి వాటికి 55, తిప్పి కీ నిండుగా ఇవ్వండి. చేత్తో కీ ఎక్కని మోడల్ అయితే ఒక రోజంతా చేతికి ఉంచుకోండి. ఫోన్ సమయంతో సెకను వరకు సరిపెట్టి, సరిగ్గా 24 గంటల తర్వాత తేడా రాసుకోండి. ఒక రోజు డయల్ పైకి పెట్టి, ఇంకో రోజు క్రౌన్ కిందికి ఉండేలా నిలబెట్టి, మూడో రోజు చేతికి పెట్టుకుని. ప్రతి రోజూ మొదలుపెట్టే ముందు మళ్లీ కీ ఇవ్వాలి, లేకపోతే స్ప్రింగ్ బిగువు తగ్గి అంకెలు ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికిరావు. ఆ తర్వాత నిండుగా కీ ఇచ్చి, కదపకుండా వదిలేసి ఎన్ని గంటలకు ఆగిందో చూడండి. సీకో గ్రూపు ఎన్‌హెచ్35 మెషీన్‌కు చెప్పిన నిల్వ (నిండుగా కీ ఇచ్చాక నడిచే సమయం) సుమారు 41 గంటలు, స్విస్ కంపెనీ ఈటీఏ వారి 2824-2కి సుమారు 38. మీది 22 గంటలకే ఆగుతుంటే అది వాదనకు తావులేని లోపం.

షీట్ మీద వాక్యం ఇలా ఉండాలి: "డయల్ పైకి పెడితే రోజుకు 8 సెకన్లు ముందు, క్రౌన్ కిందికి పెడితే 55 సెకన్లు వెనక. నిండుగా కీ ఇచ్చాక 22 గంటలకు ఆగుతోంది, 3 సార్లు చూశాం." ఇది చదివిన టెక్నీషియన్ వాచీని ఒక్క భంగిమలో చూసి వదిలేయలేడు. రెండు భంగిమల మధ్య అంత తేడా ఉందంటే బ్యాలెన్స్ చక్రం (అటూ ఇటూ ఊగుతూ సమయం లెక్కపెట్టే చక్రం) తూకంలోనో, దాన్ని ఊపే సన్నటి హెయిర్‌స్ప్రింగ్‌లోనో, నూనెలోనో తేడా ఉందని మూత తీయకముందే అతనికి తెలిసిపోతుంది.

క్వార్ట్జ్ (సెల్‌తో నడిచే) వాచీ అప్పుడప్పుడు ఆగి మళ్లీ నడిచే రకమైతే, ఆగిన ప్రతిసారీ ముళ్లు ఎక్కడున్నాయో ఫొటో తీసుకోండి. ఇది చిన్న పనే గానీ చాలా చెబుతుంది. రోజూ రాత్రి 11, 12 మధ్యే ఆగుతుంటే తేదీ మార్చే చక్రం బరువు మోటారు లాగలేకపోతోంది. గంటల ముల్లు, నిమిషాల ముల్లు ఒకదాని మీదకొకటి వచ్చే చోటే ఆగుతుంటే అవి రాసుకుంటున్నాయి. సమయంతో పనిలేకుండా ఎక్కడపడితే అక్కడ ఆగుతుంటే సెల్ కాంటాక్టు, కాయిల్, సర్క్యూట్ వైపు చూడాలి. కొన్ని సెంటర్లలో కంప్యూటర్‌లో ముందే ఉన్న జాబితా నుంచి ఫిర్యాదు ఎంచుకుంటారు. అక్కడ "రిమార్క్స్" గడి ఉంటుంది, అందులో పై వాక్యం టైప్ చేయించి, ప్రింటు చదివాకే సంతకం పెట్టండి. అంకెలు రాసిన చీటీని వాచీతో పాటు పిన్ను కొట్టించినా మంచిదే.

కౌంటర్ దాకా వెళ్లే ముందు మీరు లోపం అనుకుంటున్నది నిజంగా లోపమేనా అని చూసుకోవాలి. ఇక్కడ కంపెనీల వైపు న్యాయం ఎక్కువగానే ఉంది.

క్వార్ట్జ్ వాచీలో సెకన్ల ముల్లు రెండేసి సెకన్లో నాలుగేసి సెకన్లో ఒకేసారి గెంతుతుంటే అది సెల్ అయిపోవస్తోందన్న సూచన, కావాలని పెట్టిందే. సోలార్ వాచీలో అదే గెంతు వెలుతురు చాలలేదని చెప్పడం. సెల్ మార్చాలి లేదా బాగా వెలుతురులో ఉంచాలి, వారంటీతో సంబంధం లేదు. కొత్త వాచీలో వచ్చే సెల్ కేవలం నడుస్తోందని చూపించడానికి వేసింది, దుకాణం అద్దాల్లోనే దాని ఆయుష్షు సగం కరిగిపోయి ఉండొచ్చు. క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్) ముల్లు సున్నా మీద నిలవకపోతే, చాలా క్వార్ట్జ్ మోడళ్లలో క్రౌన్ బయటికి లాగి పక్క బటన్ నొక్కి ఒక్కో అడుగు జరిపి సరిచేసుకునే పద్ధతి ఉంటుంది, మాన్యువల్‌లో చూడండి. మియోటా 8215 లాంటి మెషీన్‌లో రోటర్ (చేతి కదలికకి తిరిగి కీ ఇచ్చే బరువు) ఒక వైపు గిర్రున తిరిగి చప్పుడు చేయడం, సెకన్ల ముల్లు అప్పుడప్పుడు తడబడి గెంతడం ఆ నిర్మాణంలోనే ఉన్నవి. వీటి కోసం వాచీని పంపితే నెల పోతుంది, వాచీ మారదు.

సమయం తేడాకు కూడా హద్దు ఉంది. ఎన్‌హెచ్35కి రోజుకు 20 సెకన్లు వెనక నుంచి 40 సెకన్లు ముందు వరకు కంపెనీ లెక్కలో సరైనదే. సీఓఎస్‌సీ (మెషీన్ల కచ్చితత్వం పరీక్షించే స్విస్ సంస్థ) ధ్రువీకరణ ఉన్న స్విస్ మెషీన్‌కి ఆ హద్దు 4 వెనక, 6 ముందు. మామూలు క్వార్ట్జ్‌కి నెలకు 15 లేదా 20 సెకన్లు. కాబట్టి రోజుకు 18 సెకన్లు ముందుకు పోయే ఆటోమేటిక్ ఒకరి చేతిలో తప్పు, ఇంకొకరి చేతిలో ఒప్పు. హద్దులో ఉన్నా మరీ విసిగిస్తుంటే "సవరించి ఇవ్వగలరా" అని అడగండి. హక్కుగా అడిగితే రూలు చూపిస్తారు, మర్యాదగా అడిగితే చాలామంది చేసిపెడతారు.

వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల్లో ముందుకు ఉరకడం మొదలుపెడితే మొదట అనుమానించాల్సింది అయస్కాంతం. స్పీకరు, ట్యాబ్ మూత, హ్యాండ్‌బ్యాగు బటన్ చాలు, హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుని దాని పొడవు తగ్గినట్టవుతుంది, ఊగిసలాట వేగం పెరుగుతుంది. ఇది లోపం కిందికి రాదు గానీ, డీమాగ్నెటైజర్ (అయస్కాంతాన్ని పోగొట్టే పరికరం) మీద కొన్ని సెకన్ల పని. దీనికి వాచీని రిపేరు డిపోకి పంపించాలని ఏ కౌంటర్ అయినా పట్టుబడితే ఆ కౌంటర్ మీద నమ్మకం కొంచెం తగ్గించుకోవచ్చు.

తేదీ సంగతి ఇంకో తిరకాసు. రాత్రి 9 నుంచి తెల్లవారి 3 వరకు తేదీ చక్రం పళ్లు పట్టులో ఉంటాయి. ఆ వేళలో క్రౌన్‌తో తేదీ తిప్పితే చాలా మెషీన్లలో పన్ను విరగొచ్చు. విరిగిన పన్ను మూత తీయగానే కనిపిస్తుంది, "వాడకంలో పొరపాటు" అని రాసేస్తారు. ముందు ముళ్లను ఆరున్నర దగ్గరికి తెచ్చి, అప్పుడు తేదీ మార్చి, తర్వాత సమయం పెట్టడం దీనికి విరుగుడు.

ఇక నీళ్లు. పేచీలన్నీ ఇక్కడే.

డయల్ మీద 30 మీటర్లు అని ఉంటే 30 మీటర్ల లోతుకు దిగొచ్చని అర్థం కాదు. 3 బార్ (ఒత్తిడి కొలత) నిలకడ ఒత్తిడిని కొత్తగా ఉన్నప్పుడు తట్టుకుందని మాత్రమే. చేతులు కడిగితే చిందే నీటికి, చినుకులకి అది సరిపోతుంది. ఈతకి 100 మీటర్లు రాసి ఉన్నది నయం. మామూలు వాచీల నీటి పరీక్షకి ఐఎస్ఓ 22810, డైవింగ్ వాచీలకి ఐఎస్ఓ 6425 ప్రమాణాలు. రెండింటిలోనూ ఆవిరి, సబ్బు పరీక్షలు లేవు. వేడికి రబ్బరు గ్యాస్కెట్లు (నీరు చొరబడకుండా వేసే రింగులు) సాగుతాయి, సబ్బు వాటి మీది సిలికోన్ జిడ్డును తీసేస్తుంది, బయటికి రాగానే లోపలి వేడి గాలి చల్లబడి సన్నటి తేమను లోపలికి లాక్కుంటుంది. డైవింగ్ వాచీ కూడా దీనికి అతీతం కాదు.

సర్వీస్ సెంటర్ తడిని ఎలా చూస్తుందో తెలిస్తే తిరస్కారం ఎందుకొస్తుందో అర్థమవుతుంది. మూత తీసి మొదట క్రౌన్ కడ్డీని చూస్తారు. అక్కడ తుప్పు ఉంటే నీరు క్రౌన్ దారిన వచ్చింది, అంటే మీరు క్రౌన్ బిగించలేదని వాళ్ల తీర్మానం. గ్లాసు అంచున మరక ఉంటే గ్లాసుకి దెబ్బ తగిలిందేమో వెతుకుతారు. వెనక మూత అంచున ఉంటే గ్యాస్కెట్ నలిగిందా, మూత మీద బయటి పనిముట్టు గీతలున్నాయా చూస్తారు. ఆ గీతలుంటే కథ అక్కడితో ముగిసినట్టే. బయట సెల్ మార్పించినప్పుడు పాత గ్యాస్కెట్‌ను సగం మెలితిప్పి మూత నొక్కేయడం మామూలుగా జరిగే పొరపాటు. అందుకే వారంటీ కాలంలో సెల్ మార్చాల్సి వస్తే, డబ్బు ఎక్కువైనా సరే, కంపెనీ సెంటర్‌లోనే మార్పించి ప్రెషర్ టెస్ట్ చేయించి రసీదు దాచుకోండి. నీటి విషయంలో మీ చేతిలో ఉండగలిగిన గట్టి సాక్ష్యం అదొక్కటే.

గెలిచే అవకాశం ఉన్న ఫిర్యాదు ఎలా ఉంటుందంటే: కొన్న కొద్ది వారాల్లోనే ఆవిరి పట్టింది, కేస్ మీద సొట్టల్లేవు, మూత ఎవరూ తీయలేదు, తుప్పు ఇంకా మొదలవలేదు. ఆవిరి కనిపించిన రోజే ఫొటో తీసి, అదే రోజో మర్నాడో అప్పజెప్పాలి. చల్లటి చోటికి వెళ్లినప్పుడు గ్లాసు లోపల మసకేసి కొన్ని నిమిషాల్లో పోతే, మళ్లీ రాకపోతే కంగారు పడక్కర్లేదు. నిలిచిపోయినా మళ్లీమళ్లీ వచ్చినా ఆగొద్దు. ఈలోగా బియ్యంలో పెట్టడం, హెయిర్ డ్రయర్ కొట్టడం, ఆరాలని క్రౌన్ లాగి ఉంచడం ఏదీ చేయొద్దు. వేడిగాలి తేమను మెషీన్ లోతుల్లోకి నెడుతుంది, క్రౌన్ లాగి ఉందని తెలిస్తే మీ కేసే పోతుంది.

సెంటర్‌లో ఒక పరీక్ష అడగొచ్చు. వాచీని 40 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి, గ్లాసు మీద చల్లటి నీటి చుక్క ఒక నిమిషం ఉంచి తుడుస్తారు. గ్లాసు లోపలి వైపు మసక పడితే లోపల తేమ ఉన్నట్టు. మూత తీయకుండా, మీ కళ్ల ముందే అయ్యే పరీక్ష ఇది, చేయించుకుని ఫలితం షీట్ మీద రాయించండి. ఉప్పునీరు పోయిన వాచీ మాత్రం వారంటీలో గెలిచినా ఓడినా ఒకటే: చాలాసార్లు మెషీన్ మొత్తం మార్చాల్సి వస్తుంది.

దెబ్బల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కేస్ మూలన నొక్కు ఉండి బ్యాలెన్స్ ఇరుసు విరిగి ఉంటే ఎవరూ ఒప్పుకోరు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. డయల్ మీది అంకె గుర్తు ఊడి లోపల దొర్లుతుంటే, అది జిగురు లోపమో దెబ్బో ఎవరూ ఖాయంగా చెప్పలేరు, కేస్ శుభ్రంగా ఉంటే మీ వైపే మొగ్గుతుంది. ఊడిన వెంటనే క్రౌన్ లాగి వాచీని ఆపేయండి, లేదంటే ఆ ముక్క ముళ్ల కింద చిక్కి డయల్ గీసేస్తుంది.

కార్డు విషయానికొస్తే, దాని మీద మోడల్ నంబరు, సీరియల్ నంబరు, అమ్మిన తేదీ, దుకాణం ముద్ర నాలుగూ ఉండాలి. తేదీ గడి ఖాళీగా వదిలేసిన కార్డు చిత్తు కాగితంతో సమానం, బిల్లు ఉంటే కొంత నయం. సీరియల్ నంబరు వాచీ వెనక మూత మీదున్న దానితో కొనేటప్పుడే సరిచూసుకోండి. సీకో వాచీల మీద ఆరు అక్షరాల సీరియల్‌లో మొదటిది తయారైన ఏడాది చివరి అంకె, రెండోది నెల (అక్టోబరుకు సున్నా, నవంబరుకు ఎన్, డిసెంబరుకు డి). కార్డు మీది అమ్మకం తేదీ తయారీ నెల కంటే ముందుదైతే ఆ కార్డు ఈ వాచీది కాదన్నమాట.

ఎన్నేళ్లు అనేది కంపెనీని బట్టి చాలా మారుతుంది. రోలెక్స్, టూడర్, ఒమేగా 5 ఏళ్లు ఇస్తాయి. కార్టియర్, ఐడబ్ల్యూసీ ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే 8 ఏళ్ల వరకు పొడిగిస్తాయి. ఓరిస్ తన క్యాలిబర్ 400 మెషీన్‌కు నమోదు మీద 10 ఏళ్లు ఇస్తోంది. ఈ నమోదు ఐదు నిమిషాల పని, దాన్ని పక్కన పెట్టేస్తే పోయేది ఏళ్లు. అధీకృత డీలరు కాని చోట కొన్న వాచీకి చాలాసార్లు ఉండేది ఆ దుకాణం ఇచ్చే సొంత వారంటీ. దాని కాగితం తీసుకుని కంపెనీ సెంటర్‌కి వెళ్తే తీసుకోరు. ధర తగ్గినప్పుడు తగ్గింది ఏమిటో ఇప్పుడే తెలుస్తుంది.

అప్పజెప్పే ముందు వాచీని ముందు, వెనక, రెండు పక్కల నుంచి, బకిల్‌తో సహా వెలుతురులో ఫొటోలు తీయండి. ఉన్న గీతలన్నీ షీట్ మీద రాయించండి, కొత్త గీతలు మీ ఖాతాలో పడకుండా. విడిగా కొన్న స్ట్రాప్ ఉంటే తీసి ఇంట్లో ఉంచుకోండి. కార్డు అసలు ప్రతి అడిగితే ఇవ్వండి, కానీ రెండు వైపులా ఫొటో మీ దగ్గర ఉండాలి. డిజిటల్ వాచీ అయితే అలారాలు, సెట్టింగులు పోతాయని అనుకునే ఇవ్వండి. కొరియర్‌లో పంపాల్సి వస్తే క్రౌన్ బిగించి, మెత్తటి గుడ్డలో చుట్టి, కదలకుండా చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను పెద్ద పెట్టెలో పెట్టండి. కంపెనీ ఇచ్చిన అందమైన పెట్టెను పంపొద్దు, అది తిరిగి రాకపోతే అడిగేవాడు ఉండడు. బీమా వాచీ పూర్తి విలువకి ఉండాలి.

సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలకు జవాబు రాతలో తీసుకోండి. వారంటీ కిందికి రాదని తేలితే నా ఒప్పుకోలు లేకుండా పని మొదలుపెడతారా? అప్పుడు చూసినందుకు ఛార్జీ ఎంత? రిపేరు చేశాక ప్రెషర్ టెస్ట్ చేస్తారా? మూడోది చాలామంది అడగరు. మూత తీసిన ప్రతి వాచీకీ ఆ పరీక్ష తప్పనిసరి, చేయకుండా ఇస్తే వచ్చే తడి ఫిర్యాదు మళ్లీ మీ నెత్తిమీదికే వస్తుంది.

లోపల ఏం చేస్తారంటే, క్వార్ట్జ్ వాచీల్లో, అందుబాటు ధరల ఆటోమేటిక్‌లలో మెషీన్ మొత్తం తీసి కొత్తది వేస్తారు. విప్పి, కడిగి, నూనె వేసే శ్రమ కంటే కొత్త మెషీన్ చవక. దీనికి బాధపడక్కర్లేదు, పాతదాన్ని అతుకులేయడం కంటే ఇదే మేలు. ఖరీదైన వాటిలో మాత్రం విప్పి బాగుచేస్తారు, విడిభాగం తెప్పించాల్సి వస్తే నెలలు పడుతుంది. ఆలస్యానికి అసలు కారణం చాలాసార్లు పని కాదు, ఆ భాగం కోసం ఎదురుచూపే. "పని నడుస్తోంది" అని చెబితే "ఏ భాగం కోసం ఆగింది, ఆర్డరు ఎప్పుడు పెట్టారు" అని అడగండి.

వాచీ తిరిగొచ్చినప్పుడు కౌంటర్ వదలకముందే పది నిమిషాలు చూసుకోవాలి. క్రౌన్‌తో ముళ్లను 12 దగ్గరికి తెస్తే గంటల, నిమిషాల ముళ్లు ఒకదాని మీదొకటి సరిగ్గా కూర్చోవాలి. నెమ్మదిగా ముందుకు తిప్పుతుంటే తేదీ అర్ధరాత్రి ప్రాంతంలో మారాలి, మధ్యాహ్నం మారితే ముల్లు తప్పు స్థానంలో నొక్కారన్నమాట. ఇది ఊహించినంత అరుదు కాదు. డయల్ మీద ధూళి, గ్లాసు లోపల వేలిముద్ర ఉన్నాయా వాలుగా పట్టి చూడండి. క్రోనోగ్రాఫ్ ఉంటే ఆరంభం, ఆపడం, సున్నాకి రావడం మూడూ నొక్కండి. మూత చుట్టూ కొత్త గీతలున్నాయేమో మీ ఫొటోలతో పోల్చండి. ఇంటికెళ్లాక మొదటి వారంలోనే మళ్లీ అదే మూడు భంగిమల లెక్క రాసుకోండి. రిపేరు పనికి విడిగా వారంటీ ఉంటుంది, కొన్నిచోట్ల కొన్ని నెలలు, రోలెక్స్ సర్వీసుకి 2 ఏళ్లు. పాత వారంటీ ముగిసినా ఇది పనికొస్తుంది, అందుకే రిపేరు రసీదు మీది తేదీ కార్డు తేదీ కంటే జాగ్రత్తగా చూసుకోవాలి.

తిరస్కరిస్తే నోటిమాటతో వదిలేయొద్దు. ఏ షరతు కింద, ఏ భాగం చూసి అన్నారో మూత తీసిన ఫొటోతో సహా రాతలో అడగండి. తుప్పు ఉందంటే ఎక్కడుందో ఫొటోలో కనిపించాలి. అది వెనక మూత గ్యాస్కెట్ వైపు ఉండి, మూత మీద గీతల్లేకపోతే, వాచీ కొత్తదైతే, "క్రౌన్ బిగించలేదు" అన్న కారణం నిలవదు. అదే జాబ్ నంబరు, అవే ఫొటోలతో కంపెనీ కేంద్ర కార్యాలయానికి రాస్తే రెండోసారి చూడడానికి చాలామంది ఒప్పుకుంటారు. ఎస్టిమేట్ మాత్రం అప్పుడే ఒప్పుకోవద్దు. డబ్బు కట్టి బాగుచేయించాక పాత భాగాలు వాళ్ల దగ్గరే ఉంటాయి, వాదించడానికి మీ చేతిలో ఏమీ మిగలదు. తప్పనిసరై కట్టాల్సి వస్తే, తీసేసిన భాగాలు తిరిగివ్వాలని ఎస్టిమేట్ మీదే రాయించి అప్పుడు సంతకం పెట్టండి.